కొడుకు పేరు సోమలింగం, అడ్రస్ తర్వాత

అసెంబ్లీ ప్రోగ్రామ్‌లో ఒక లైను ‘చివర’ అనే లేబుల్ దగ్గరికి దూకమంటుంది. ఆ లేబుల్ ఎక్కడో వంద లైన్ల కింద ఉంటుంది. ప్రోగ్రామ్‌ను మెషీన్ కోడ్‌గా మార్చడానికి పైనుంచి చదువుకుంటూ వస్తున్న అసెంబ్లర్‌కు దాని అడ్రస్ ఇంకా తెలీదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు పేరు మాత్రం వాడకంలోకి వచ్చేసింది. ఈ చిక్కు విప్పడానికే అసెంబ్లర్లు ఒకే ప్రోగ్రామ్‌ను రెండుసార్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసార్లు చదవడం మొదలుపెట్టాయి.

మొదటి పాస్‌లో, అంటే మొదటి చదువులో, పని లెక్క పెట్టడమే. లొకేషన్ కౌంటర్ అనే అంకెను చేతిలో పెట్టుకుని, ఒక్కో లైను ఎన్ని బైట్లు తీసుకుంటుందో కలుపుకుంటూ పోతుంది. లేబుల్ కనిపించినప్పుడల్లా దాని పేరునూ అప్పటి అంకెనూ సింబల్ టేబుల్‌లో రాసుకుంటుంది. రెండో పాస్‌లో ఆ పట్టిక చూసుకుంటూ అసలు కోడ్ రాస్తుంది.

1965లో వచ్చిన పీడీపీ-8 కంప్యూటర్ మీద ఈ పద్ధతి చేతులతో చేసే పనే. దాని పాల్-3 అసెంబ్లర్ మొదటి పాస్‌లో సింబల్ టేబుల్, రెండో పాస్‌లో బైనరీ టేపు, మూడో పాస్‌లో లిస్టింగ్ తయారుచేసేది. ప్రతి పాస్‌కూ కాగితపు టేపును మళ్లీ రీడర్‌కు ఎక్కించాల్సిందే. టెలిటైప్ సెకనుకు 10 అక్షరాలు చదివేది. అంటే 6,000 అక్షరాల ప్రోగ్రామ్‌కు ఒక్క పాస్ చదువుకే 10 నిమిషాలు. ఇంకో పాస్ పెంచుదాం అని ఎవరూ సరదాగా అనుకోలేని రోజులవి. అయితే ఒక అదృష్టం: పీడీపీ-8లో ఇన్‌స్ట్రక్షన్ ఏదైనా సరే ఒక్క 12 బిట్ల పదమే. అడ్రస్ తెలియకపోయినా సైజు ముందే తెలుసు కాబట్టి లెక్క తప్పేది కాదు.

8086 ప్రాసెసర్ వచ్చాక ఆ సుఖం పోయింది.

అక్కడ దగ్గరి జంప్‌కు 2 బైట్లు చాలు, కానీ ముందుకు 127 బైట్లు, వెనక్కి 128 బైట్లు మించి పోలేదు. దూరం పోవాలంటే 3 బైట్లు కావాలి. అంటే జంప్ సైజు లేబుల్ దూరాన్ని బట్టి, లేబుల్ దూరం మధ్యలోని జంప్‌ల సైజులను బట్టి ఉంటాయి. పాత మాస్మ్ అసెంబ్లర్ రెండు పాస్‌లతోనే నెట్టుకొచ్చింది: ముందుకు పోయే జంప్ కనిపిస్తే ఎందుకైనా మంచిదని 3 బైట్లు కేటాయించి, రెండో పాస్‌లో దగ్గరే అని తేలితే మిగిలిన బైటును ఏ పనీ చేయని నాప్‌తో నింపేది. మన ఇంజినీరింగ్ కాలేజీల మైక్రోప్రాసెసర్ ల్యాబుల్లో మాస్మ్‌తో కుస్తీ పట్టినవాళ్లలో ‘ఫేజ్ ఎర్రర్’ చూసి తల పట్టుకున్నవాళ్లు ఉండే ఉంటారు. రెండు పాస్‌లలో ఒకే లేబుల్‌కు రెండు వేర్వేరు అడ్రస్‌లు వచ్చాయని దాని ఫిర్యాదు.

బైటు వృథా కాకూడదంటే పాస్‌లు పెరగాలి. మొదట జంప్‌లన్నీ చిన్నవే అనుకుందాం. 100 దగ్గర ఒక జంప్ ఉంది, తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ 102లో; ‘చివర’ 229లో పడింది. దూరం సరిగ్గా 127, సరిపోయింది. మధ్యలో ఇంకో జంప్ ఉంది, దాని గమ్యం 300 బైట్ల అవతల. రెండో పాస్‌లో అది 3 బైట్లకు పెరుగుతుంది, ‘చివర’ 230కి జరుగుతుంది. ఇందాక సరిపోయిన మొదటి జంప్‌కు ఇప్పుడు దూరం 128. మూడో పాస్‌లో అదీ పెరుగుతుంది, ‘చివర’ 231కి పోతుంది. నాలుగో పాస్‌లో ఏదీ కదలలేదని తేలాకే కోడ్ రాయడం.

ఇది ఎప్పటికైనా ఆగుతుందా? ఒకసారి పెరిగిన జంప్‌ను మళ్లీ తగ్గించకూడదన్న ఒక్క నియమం పెట్టుకుంటే తప్పక ఆగుతుంది; ప్రతి జంప్ ఒక్కసారే పెరగగలదు కదా. ఆ నియమం లేకపోతే చిక్కే. అడ్రస్ 16తో నిశ్శేషంగా భాగమయ్యేలా సర్దే అలైన్‌మెంట్ లాంటివి మధ్యలో ఉంటే, ఒకచోట కోడ్ పెరిగినప్పుడు ఖాళీ పూరణ తగ్గి, పెద్దదైన జంప్ మళ్లీ చిన్నదానిలో ఇమడొచ్చు; తగ్గిస్తే ఇంకోటి పెరగొచ్చు. పాస్ పాస్‌కూ అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. లేబుల్ అడ్రస్‌లతో ఇష్టమొచ్చిన లెక్కలు రాసుకోనిస్తే, అతి చిన్న కోడ్‌ను కనిపెట్టడం ఎన్పీ-కంప్లీట్ సమస్య, అంటే వేగంగా తేల్చే పద్ధతి తెలియని సమస్య, అవుతుందని థామస్ షిమాన్‌స్కీ 1978లోనే చూపించారు. కాస్త పెద్ద కోడ్ వచ్చినా ఆగిపోయే పద్ధతే పనికొచ్చే పద్ధతి.

నాస్మ్ అనే అసెంబ్లర్ ఇప్పటికీ సోర్స్ మీదే పాస్‌ల మీద పాస్‌లు నడుపుతుంది. గ్నూ అసెంబ్లర్ సోర్స్‌ను ఒక్కసారే చదివి ముక్కలుగా మెమరీలో పెట్టుకుని, జంప్‌లను సాగదీసే పని ఆ ముక్కల మీద చేస్తుంది. జంప్ పక్కన ‘షార్ట్’ అని స్వయంగా రాసే ప్రోగ్రామర్లూ ఉన్నారు. పట్టకపోతే అసెంబ్లర్ గుట్టుగా పెద్దది చేయకుండా ఎర్రర్ ఇస్తుంది. 512 బైట్ల బూట్ సెక్టర్‌లో సంతకానికి 2 పోగా మిగిలిన 510 బైట్లలో ప్రోగ్రామ్ ఇరికించేవాళ్లు ఆ ఎర్రర్‌నే కోరుకుంటారు.