మేడి పట్టిన చేతులు

వడ్లగింజను పంటి కింద పెట్టి కొరికితే ఆరిందో లేదో తెలిసిపోతుంది. ఆరిన గింజ టక్కున విరుగుతుంది, తడి గింజ మెత్తగా నలుగుతుంది. తేమ కొలిచే మీటర్లు వచ్చి చాలా ఏళ్లయినా, కల్లంలో నిలబడ్డ రైతు ముందు గింజే కొరుకుతాడు. ప్రభుత్వ కొనుగోలుకు 17 శాతం దాకా తేమ ఒప్పుకుంటారు. 20 శాతం తేమతో కాంటా ఎక్కిన 100 కిలోల వడ్లు 14 శాతానికి ఆరితే మిగిలేది 93 కిలోలు. ఆ 7 కిలోలు ఎవరి లెక్కలో పోవాలన్నదే ధాన్యం వ్యాపారంలో సగం తగాదా. రైతు సహకార సంఘంలో దాన్ని తేల్చేది పాలకవర్గం. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు ఎప్పుడైనా గింజ కొరికి చూశారా అన్నది అందుకే చిన్న ప్రశ్న కాదు.

పాలకవర్గం అనగానే ఫ్లెక్సీలు, పూలదండలు కళ్లముందు మెదిలే కాలం ఇది. వాటిని కాసేపు పక్కనపెట్టి, మంచి పాలకవర్గాన్ని ఒక పనిముట్టులా విప్పి చూద్దాం. చూడటానికి ముల్కనూరు కన్నా మంచి చోటు లేదు. ఒకప్పటి కరీంనగర్ జిల్లా, ఇప్పటి హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలోని ఆ ఊళ్లో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి చొరవతో పరపతి, మార్కెటింగు కలిపి చేసే సహకార సంఘం మొదలైంది. 2002లో అక్కడే మహిళల పాల డెయిరీ నడక మొదలుపెట్టింది. ‘స్వకృషి’ పేరుతో పాల ప్యాకెట్లు అమ్మేది ఆ డెయిరీయే.

పరపతి, మార్కెటింగు కలపడం అంటే ఏమిటో ముందు చూడాలి. వానాకాలం మొదట్లో సంఘం రైతుకు పెట్టుబడి అప్పు ఇస్తుంది. విత్తనాలు, ఎరువులు కూడా అక్కడే దొరుకుతాయి. కోత కాగానే పంట అక్కడికే వస్తుంది. అమ్మిన డబ్బులో అప్పు, వడ్డీ మినహాయించుకుని మిగతాది చేతికిస్తారు. అంటే ఒకే రైతు ఏడాదిలో మూడుసార్లు మూడు రూపాల్లో సంఘం గడప తొక్కుతాడు: అప్పు తీసుకునేవాడిగా, సరుకు కొనేవాడిగా, పంట అమ్మేవాడిగా. డైరెక్టరూ అలాంటి రైతే. వడ్డీ అర్ధరూపాయి పెంచితే అది తన ఖాతాలో కనిపిస్తుంది. ఎరువు లారీ పది రోజులు ఆలస్యమైతే తన పొలం పచ్చదనం తగ్గుతుంది. బయట కంపెనీలో డైరెక్టరుకు ఈ మూడు వైపుల సమాచారం మూడు శాఖల నివేదికలుగా అందుతుంది. ఇక్కడ ఒకే మనిషి ఒంటిమీదుగా వెళ్తుంది. నాగలి మేడి పట్టినవాడికి కర్రు ఎంత లోతు దిగిందో వంగి చూడకుండానే చేతికి తెలుస్తుంది, అలాగన్నమాట.

మరి పంట అమ్ముకునేవాడే ధర నిర్ణయించే చోట కూర్చుంటే తనకు తాను ఎక్కువ రాసుకోడా? ఈ అనుమానానికి జవాబు లెక్కల్లోనే ఉంది. కొన్నప్పుడు ఇచ్చే ధర ఒకటి, ఏడాది చివర మిగులులోంచి వచ్చే బోనసు ఇంకొకటి. బోనసు పంచేది వాటా ధనాన్ని బట్టి కాదు, ఎవరు సంఘంతో ఎంత వ్యాపారం చేశారో దాన్ని బట్టి. ఇవాళ ధర ఎక్కువ వేసుకుంటే రేపు బోనసు ఆ మేరకు తరుగుతుంది. అంతటితో ఆగలేదు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, రైతుల నోట మ్యాక్స్ చట్టం, నష్టం వస్తే దాన్ని కూడా వాడకం నిష్పత్తిలో సభ్యుల ఖాతాలకు రాసే వీలు కల్పించింది. ఎక్కువ వాడుకున్నవాడికి లాభంలో ఎక్కువ, నష్టంలోనూ ఎక్కువ. త్రాసు రెండు పళ్లేలూ ఒకే రైతు చేతిలో పెట్టిన ఈ అమరిక నాకు ఎన్నిసార్లు తలచుకున్నా ముచ్చటగానే ఉంటుంది.

ఇక కుర్చీలో ఎవరు కూర్చోవచ్చన్నది. మ్యాక్స్ చట్టం కింద సభ్యుడు ఏడాదికి కనీసం ఎంత వ్యాపారం చేయాలో సంఘం తన నియమావళిలో రాసుకోవచ్చు. అంత చేయనివాడికి ఓటు ఉండదు. ఓటు హక్కు పోయినవాడు డైరెక్టరుగా నిలబడలేడు. ఉన్న డైరెక్టరు పోగొట్టుకుంటే కుర్చీ కూడా పోతుంది. వడ్లు దళారికి అమ్ముకుని సంఘంలో పెత్తనం చేద్దామంటే కుదరదు. వరసగా మూడు సమావేశాలకు చెప్పకుండా ఎగ్గొట్టినా అంతే. ఎన్నికలు వేళకు పెట్టకపోయినా, సర్వసభ్య సమావేశం జరపకపోయినా, లెక్కలు సభ్యుల ముందు ఉంచకపోయినా మొత్తం పాలకవర్గం మూడేళ్లపాటు పోటీకి అనర్హం. ఈ కడపటి శిక్షలో పనితనం ఉంది. ఒక్కడిమీద నేరం మోపి మిగతావాళ్లు తప్పించుకునే దారి మూసేసింది.

ఇప్పుడు ఆ కుర్చీలోకి వచ్చే రైతు ఇంటి నుంచి ఏ వ్యాపార పాఠం తెస్తాడో చూడాలి. కరీంనగర్, హుజూరాబాద్ చుట్టుపక్కల ‘ఆడమగ వరి’ అంటే చిన్నపిల్లలకూ తెలుసు. హైబ్రిడ్ వరి విత్తనం పండించడం అది. మగ వరసలు, ఆడ వరసలు వేరువేరుగా నాటి, రెండూ ఒకే సమయానికి పూతకు వచ్చేలా నారు తేదీలు ముందూ వెనుకా సర్దుతారు. పూత విచ్చుకునే వేళ ఇద్దరు చెరో వైపు తాడు పట్టుకుని చేను మీదుగా లాగుతారు. మగ మొక్కల పుప్పొడి రాలి ఆడ మొక్కల మీద పడేట్టు. మధ్యలో కేళీలు ఏరేయాలి. పక్క చేనికి దూరం పాటించాలి. అన్నీ చేసినా మొలక పరీక్షలో తప్పితే కంపెనీ తీసుకోదు. నాలుగు పంటకాలాలు ఈ పని చేసిన రైతుకు ఒప్పందం అంటే ఏమిటో, నాణ్యత షరతు ఎక్కడ కొరుకుతుందో, నష్టం ఎవరి మీద వదిలేశారో కాగితం చదవకముందే తెలుసు. విత్తనశుద్ధి కర్మాగారం పెట్టాలా వద్దా అన్న చర్చలో ఆ అనుభవం మాట్లాడుతుంది. సేద్యం ఒకవైపు, వ్యాపారం ఒకవైపు అని పరిచయ పత్రాల్లో రెండు గడులు గీయడం మనకు అలవాటు. ఇలాంటి మనిషికి ఆ గీత ఎక్కడ గీయాలో నాకు తెలియదు.

డెయిరీలో ఇది మరింత సూక్ష్మంగా కనిపిస్తుంది. సభ్యులంతా మహిళలే. ఊరి సంఘంలో పాలు పోసేవాళ్లలోంచే పైస్థాయి పాలకవర్గానికి మనుషులు వెళ్తారు. పాల వ్యాపారానికి పెద్ద గండం ఋతువు. చలికాలంలో పాలు పొంగుతాయి, ఎండాకాలంలో తగ్గుతాయి, తాగేవాళ్లు మాత్రం ఏడాదంతా తాగుతారు. బర్రె చూడి కట్టిన పది నెలలకు ఈనుతుంది. ఈనేముందు కొన్నాళ్లు వట్టిపోతుంది. తన వాడకట్టులో ఎన్ని బర్రెలు చూడితో ఉన్నాయో, ఎన్ని వట్టిపోయాయో పాలు పోసే డైరెక్టరుకు పేరుపేరునా తెలుసు. శీతల కేంద్రం సామర్థ్యం ఎంత ఉండాలన్న అంచనాకు కావలసిన ముడిసరుకు అదే. వెన్న శాతం తగ్గితే మిషను తప్పా, మేత తప్పా అన్నది ఆమె తేల్చినంత త్వరగా ఇంజనీరు తేల్చలేడు. ఈ ప్రాంతంలో డెయిరీకి ముందే మహిళల పొదుపు సహకార సంఘాలు వచ్చాయి. నెలనెలా పొదుపు వసూలు, అప్పు మంజూరు, బాకీ కోసం పక్కింటి తలుపు తట్టడం అనే కష్టమైన పని, అన్నీ అక్కడ సాధన అయ్యాయి. వ్యాపార బడి అంటే ఇదే కదా.

అయితే పొలం నేర్పనివి కొన్ని ఉంటాయి. ఆస్తి అప్పుల పట్టీ చదవడం, యంత్రం తరుగుదల లెక్క, పన్ను, ఎగుమతి మెలికలు. వీటికి రెండు రకాల అతుకులు వేశారు. అమూల్ పుట్టిన గుజరాత్‌లోని ఆనంద్‌లో త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలోని పాడి రైతులు ఎన్నికల కుర్చీలు తమ దగ్గరే ఉంచుకుని, 1949లో వచ్చిన ఇంజనీరు కురియన్‌కు నిర్వహణ అప్పగించారు. ఎవరి గట్టు వారిది. రెండో పద్ధతి నిపుణులను బల్ల దగ్గరకే పిలవడం. 2011 నాటి 97వ రాజ్యాంగ సవరణ డైరెక్టర్లను 21 మందికి మించనీయకుండా, బ్యాంకింగు, ఫైనాన్సు వంటివి తెలిసిన ఇద్దరిని అదనంగా చేర్చుకోనిచ్చింది. కానీ వారికి పాలకవర్గ ఎన్నికల్లో ఓటు లేదు, పదవులూ లేవు. సలహా కావాలి, పగ్గం ఇవ్వం అన్నట్టు. 2021లో సుప్రీంకోర్టు ఆ నిబంధనలను బహుళ రాష్ట్ర సంఘాలకే పరిమితం చేసింది. న్యూజిలాండ్ పాల సహకార సంస్థ ఫాంటెరా 2016లో పాలకవర్గాన్ని 13 నుంచి 11కు తగ్గించినప్పుడు రైతులకు 7, నియమితులైన నిపుణులకు 4 కుర్చీలు మిగిల్చింది. అంత పెద్ద సంస్థ కూడా మెజారిటీని పాడి రైతు చేతిలోంచి జారనీయలేదు.

పనిముట్టులో లోపం లేదని కాదు. వాడకాన్ని బట్టి హక్కు అన్న నియమం భూమి పేరు మీద ఉన్న రైతుకు సుఖంగా అమరుతుంది. కౌలు రైతుకు అమరదు. పంట అతనిది, పాసుపుస్తకం ఇంకొకరిది. ఈ చిక్కుకు వరి సంఘాలు ఇంకా మంచి జవాబు కనిపెట్టలేదనే నా అభిప్రాయం. ఒక బర్రె ఉంటే చాలనే పాల సంఘం ఆ విషయంలో మెరుగు.

మీ ఊరి సంఘానికి ఎన్నికలొచ్చినప్పుడు అభ్యర్థి కరపత్రంలో ఎన్ని ఎకరాలో, ఏ పార్టీయో రాసి ఉంటుంది. అది చదివాక సంఘం ఆఫీసుకు వెళ్లి ఒక్క కాగితం అడగండి: కిందటి పంటకాలంలో ఆయన ఎన్ని బస్తాలు సంఘం కాంటా మీద పెట్టారో.