చూసేవాళ్ళు, తాగేవాళ్ళు, మోసేవాళ్ళు

తెలుగు సాహిత్యంలో స్తనాలకు కొదవ లేదు. ప్రబంధ కవి నాయికను వర్ణించడం మొదలుపెడితే చాలాసేపు ఆగే చోటు అదే. భక్తి కవిత్వంలో, జోలపాటల్లో, సినిమా పాటల్లో తల్లిపాలకు వేసిన పీట కూడా చిన్నదేమీ కాదు. మొదటి దాంట్లో స్తనం చూసేవాడిది, రెండో దాంట్లో తాగేవాడిది. మరి మోసేది ఎవరు? ఆ బరువు ఆమెకు ఎక్కడ తెలుస్తుంది, భుజం మీదా, వెన్నులోనా, పక్కటెముకల దగ్గరా? నలుగురిలో ఉండగా పాలు చేపుకొచ్చి రవిక తడిస్తే ఆమె ఏం చేస్తుంది? నేను చదివిన పుస్తకాల్లో ఈ ప్రశ్నలకు జవాబు చాలా అరుదు. సాహిత్యంలో డాక్టరేట్ చేసిన నాకు ఇవి ప్రశ్నలుగా తట్టింది కూడా బిడ్డ పుట్టి, నర్సింగ్ బ్రా కొనుక్కోవలసి వచ్చినప్పుడే.

కాబట్టి ఈ వ్యాసం ఒక లోదుస్తు గురించి. షాపుల్లో దాన్ని ఫీడింగ్ బ్రా అంటారు. సాహిత్య పత్రికలో బ్రా గోల ఏమిటి అనేవాళ్ళకు, కుచవర్ణనను అలంకారాల పేరుతో దశాబ్దాలుగా పాఠం చెబుతున్న మన తరగతి గదులను గుర్తుచేస్తాను.

పోతన భాగవతం దశమ స్కంధంలో మనందరికీ తెలిసిన ఘట్టం ఒకటుంది. యశోద పెరుగు చిలుకుతూంటే కృష్ణుడు పాల కోసం వచ్చి అడ్డం పడతాడు. ఒళ్ళోకి తీసుకుని పాలిస్తూండగా పొయ్యి మీద పాలు పొంగుతాయి. ఆమె బిడ్డను దించి అటు పరుగెడుతుంది. కడుపు నిండని బిడ్డ కోపంతో కుండ పగలగొడతాడు, చివరికి రోలుకు కట్టివేయించుకుంటాడు. దీన్ని లీలగా చదవడం మనకు అలవాటు. బాలింతగా చదివితే నాకు కనిపించింది చిలకడం, పాలివ్వడం, పొయ్యి చూసుకోవడం ఒక్కతే చేసుకుంటున్న ఆడమనిషి. పాలు వస్తూండగా బిడ్డను దించినంత మాత్రాన ధార ఠక్కున ఆగదు. తడిసిన బట్టతోనే ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళి ఉండాలి. భక్తులకు ఆ తడి వాత్సల్యానికి గుర్తు. దాన్ని ఒంటి మీద మోసే మనిషికి అది మార్చుకోవలసిన గుడ్డ.

అదే పేరుతో ఇంకో యశోద మహాశ్వేతాదేవి బెంగాలీ కథ ‘స్తనదాయిని’లో ఉంది. గాయత్రీ చక్రవర్తి స్పివాక్ ఇంగ్లీషు అనువాదం ద్వారా ఈ కథ మన పరిశోధక లోకంలో బాగా పరిచయమైంది. ఈ యశోద భర్త కాళ్ళు పోగొట్టుకున్నాక, ఒక ధనిక కుటుంబం పిల్లలకు పాలివ్వడమే వృత్తిగా బతుకుతుంది. పాలు ఆగకూడదు కాబట్టి తాను మళ్ళీ మళ్ళీ కంటూ ఉంటుంది. ఊరు ఆమెను తల్లి అని కొలుస్తుంది. రొమ్ము క్యాన్సర్‌తో చచ్చిపోయేటప్పుడు మాత్రం ఆమె పాలు తాగిన ఒక్కరూ పక్కన ఉండరు. ఈ కథను దేశానికి ప్రతీకగా చదివినవాళ్ళున్నారు, శ్రమ దోపిడీగా చదివినవాళ్ళున్నారు. నన్ను పట్టుకున్నది చాలా మామూలు విషయం. అంతమంది తాగిన ఆ రొమ్ము ఎలా ఉందని పుండు పడేదాకా ఎవరూ అడగలేదు. నొప్పిగా ఉందా, బరువుగా ఉందా, గట్టిపడిందా? పూజించడానికీ పట్టించుకోవడానికీ మధ్య ఎంత దూరముందో ఆ కథ చెబుతుంది.

తెలుగు స్త్రీవాద కవులు శరీరాన్ని తమవైపు నుంచి రాశారు. జయప్రభ ‘పైటను తగలెయ్యాలి’, కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ లేకపోతే నేనీ వ్యాసం రాసే ధైర్యం చేసేదాన్ని కాదు. 1993లో ‘నీలిమేఘాలు’ సంకలనం వచ్చేనాటికే ఈ కవిత్వం బోలెడు దుమారాన్ని తట్టుకుని నిలబడింది. అయితే పైటకు లోపల, లేబర్ రూం దాటి ఇంటికి వచ్చాక, రెండు గంటలకోసారి లేచే ఆ నెలల శరీరం మనం ఇంకా పూర్తిగా రాయని పేజీ అనుకుంటాను.

ఐరిస్ మేరియన్ యంగ్ 1990లో వచ్చిన తన పుస్తకంలో ‘బ్రెస్టెడ్ ఎక్స్‌పీరియన్స్’ అనే వ్యాసం రాసింది. చూపుకు రొమ్ము ఒక గట్టి వస్తువు, దానికి ఒకే ఆకారం ఉండాలి. అనుభవంలో అది కదులుతుంది, మారుతుంది. ఆ కదలికను దాచి చూపుకు నచ్చే ఆకారంలో నిలబెట్టేది బ్రా అని ఆమె విమర్శ. బ్రా చరిత్ర కూడా దీనికి సాక్ష్యం చెబుతుంది. 1914లో అమెరికాలో మేరీ ఫెల్ప్స్ జేకబ్ పేటెంట్ తీసుకున్న బ్రా, పార్టీ గౌను కింద కార్సెట్ పుల్లలు బయటికి కనపడుతున్నాయనే చికాకులోంచి పుట్టిందని ఆమే చెప్పుకుంది. అంటే అక్కడి ప్రశ్న ఎలా కనిపిస్తుంది అనేదే.

యంగ్ విమర్శ సరైనదే. కానీ పాలిచ్చే తల్లికి సరిపోయే బ్రాను ఆ విమర్శ కిందకి తేలేను. మంచి నర్సింగ్ బ్రాను ఎంచుకోవాలంటే అద్దంలో చూసుకుంటే చాలదు, కళ్ళు మూసుకుని ఒంటిని అడగాలి. కాన్పయిన రెండు నుంచి నాలుగు రోజుల్లో పాలు పడి రొమ్ము ఒక్కసారిగా పెరుగుతుంది. కొన్ని వారాల తర్వాత గానీ ఓ కొలతకు రాదు. అందుకని నెలలు నిండాక ఒకటో రెండో కొనుక్కుని, మిగతావి తర్వాత కొలత చూసుకుని కొనడం మేలు. గర్భంలో విచ్చుకున్న పక్కటెముకలు కాన్పు తర్వాత దగ్గరపడతాయి కాబట్టి, ముందుగా కొనేది చివరి వదులు హుక్కుకు సరిపోతే తర్వాత బిగించుకోవచ్చు. బరువు మోయవలసింది ప్రధానంగా ఛాతీ చుట్టూ ఉండే పట్టీ, భుజం పట్టీలు కాదు. విప్పినప్పుడు భుజం మీద ఎర్రటి గాడి పడిందంటే కొలత తప్పినట్టే. కప్పులో కొంచెం చోటుండాలి. నిండిన రొమ్మును గట్టి తీగ ఒకేచోట నొక్కితే అక్కడ పాలు కదలక గడ్డలా తేలి వాచిపోవచ్చు, కాబట్టి తీగ లేనిది మంచిది. బిడ్డను ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో తీయగలిగే క్లిప్పు కావాలి. రాత్రికి హుక్కులు లేని మెత్తటి నూలుది చాలు. అసలు వేసుకోకపోయినా ఏ ప్రమాదమూ లేదు. పాలిస్తే రొమ్ములు జారిపోతాయని, బ్రా వాటిని ఆపుతుందని భయపెట్టే మాటల్లో వ్యాపారమే ఎక్కువ.

‘మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివమ్మా’ అని మా అత్తయ్య అన్నారు. ఆ మాటను చాదస్తమని కొట్టిపారెయ్యలేను. ముందు హుక్కుల జాకెట్టు, పైన చీర కొంగు, ఈ రెండూ కలిసి పాలివ్వడానికి చక్కగా కుదిరిన దుస్తులే. నాట్లేస్తూ గట్టు మీద కూచుని పాలిచ్చే స్త్రీకి ఫీడింగ్ బ్రా లేని లోటు కన్నా విశ్రాంతి లేని లోటు పెద్దది. మనం పంజాబీ డ్రెస్సుల్లోకి, నైటీల్లోకి వచ్చాకే ఈ కొత్త అవసరం మొదలైంది. ఫీడింగ్ నైటీకి జిప్పులు పెట్టిన దర్జీ కూడా దాన్నే పట్టుకున్నాడు. కాబట్టి ఈ బ్రాను ఆధునిక మాతృత్వానికి చిహ్నం చేసి ఊరేగించవద్దు. హాయిగా ఉండాలనే కోరిక మాత్రం మా అత్తయ్యకూ ఉండేది. ‘రవిక బిగుతుగా ఉండి నెలల తరబడి రొమ్ము సలిపేది, ఎవరితో చెప్పుకుంటాం?’ అని ఆ తర్వాత ఆవిడే అన్నారు. ఆ చెప్పుకోలేకపోవడం దగ్గరే నా అభ్యంతరం.

ఈ మౌనం ఇప్పటికీ మన దండేల మీద కనిపిస్తుంది. పిల్లాడి లంగోటాలు ఎండలో ఆరుతాయి, తల్లి బ్రా తువ్వాలు కింద నీడలో ఆరుతుంది. ఆరీ ఆరని గుడ్డ పగిలిన చనుమొనకు చేసే హాని ఏ మర్యాదకూ అక్కర్లేదు. షాపుల్లోనూ అంతే. సైజు చెప్పడానికే గొంతు తగ్గించుకునే చోట, వేసుకుని చూడడానికి గది అడగడం ఎంత కష్టమో మీకు చెప్పనక్కర్లేదు.

ఉద్యోగానికి తిరిగి వెళ్ళే తల్లి సంగతి సరేసరి. 1961 నాటి ప్రసూతి సౌకర్యాల చట్టం బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం రాసింది. 2017 సవరణ మొదటి ఇద్దరు పిల్లలకు సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచి, 50 మందీ ఆపైన పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలంది. చట్టం గంటలనూ వారాలనూ లెక్కపెట్టగలిగింది. బిడ్డ దగ్గర లేకపోయినా గంట కొట్టినట్టు పాలు చేపుకొచ్చే శరీరాన్ని, సెమినార్ మధ్యలో తడిసే జాకెట్టును, తలుపు గడియ పడే ఒక చిన్న గది అవసరాన్ని రాయవలసింది మనం.

తల్లి త్యాగం గురించి కొత్తగా రాయడానికి ఏమీ మిగల్లేదు. తల్లి హాయి గురించి రాయడం ఇంకా సరిగ్గా మొదలే కాలేదు. పాలిచ్చే మనిషి సుఖంగా ఉండాలనుకోవడం బిడ్డ కోసం మాత్రమే కాదు, ఆమె కోసం కూడా. ఈసారి ఎవరైనా కుచవర్ణన పాఠం చెబుతూంటే, ఆ నాయిక పట్టీ బిగుతుగా ఉందేమో అడిగి చూడండి. తరగతి నవ్వుతుంది. నవ్వనివ్వండి. ఆ తర్వాత జవాబు మాత్రం ఎవరో ఒకరు రాయాలి.