ఇండ్లు కట్టుటకు ముందు నేల పరీక్ష

ఇల్లు కట్టబోవువారు నేల గట్టిదా, నీరు పడునా అని విచారింతురు. అందు పూర్వుల ఆనవాళ్ళు ఉన్నవా అని విచారించుట ఇంగ్లండులో 1990 నుండి అనుమతి విధానములో భాగమైనది. ఆ ఏట వెలువడిన ప్రభుత్వ సూత్రముల ప్రకారము, కట్టదలచిన సంస్థయే తన ఖర్చుతో ఆ సమాచారము తేవలెను. ఈ విధానపు గుణదోషములు పరిశీలింపదగినవి.

పరీక్ష సాధారణముగా మూడంచెలుగా సాగును. మొదట పాత పటములు, రికార్డులు, విమానమునుండి తీసిన ఛాయాచిత్రములు చూతురు. పిమ్మట అయస్కాంత క్షేత్రమును కొలుచు పరికరముతో నేలను త్రవ్వకయే శోధింతురు. పూడిన గుంటలలోని మట్టికి, కాలిన మట్టికి చుట్టునున్న నేలకంటె అయస్కాంత గుణము తరచుగా హెచ్చు. చివరకు అక్కడక్కడ సన్నని కందకములు త్రవ్వుదురు.

దీని మేలు తెలిపెడి ఉదాహరణ ఏమ్స్‌బరీ. స్టోన్‌హెంజి శిలావలయమునకు సుమారు 5 కిలోమీటర్ల దూరమున, 2002లో, ఇండ్లు, పాఠశాల కట్టుటకు ముందు అచట త్రవ్వకములు జరిగినవి. శాస్త్రజ్ఞులు ఎదురుచూచినది రోమను కాలపు చిన్న శ్మశానమును మాత్రమే. దానితోపాటు క్రీ. పూ. 2300 ప్రాంతపు సమాధి ఒకటి బయటపడినది. అందు రాగి కత్తులు, బంగారు ఆభరణములు, చెకుముకి బాణపు మొనలు మొదలగు వస్తువులు సుమారు 100 ఉన్నవి. బాల్యమున త్రాగిన నీటి ఆక్సిజను ఐసోటోపుల నిష్పత్తి పంటి పింగాణి పొరలో నిలిచియుండును. దానినిబట్టి ఆ మనిషి ఆల్ప్స్ పర్వత ప్రాంతమున పెరిగియుండునని తేల్చిరి.

ఐతే ఎదురుచూడనిది దొరకుటలోనే ఈ విధానపు లోపమును గుర్తింపవచ్చును. కందకములు చూపునది నేలలో కొద్ది భాగమే. 2 మీటర్ల వెడల్పుగల కందకములను 40 మీటర్లకొకటి చొప్పున త్రవ్వితిమనుకొందము. వాటికి అడ్డముగా సాగిన పొడవైన పాత కాలువ తప్పక దొరకును. 2 మీటర్ల వెడల్పుగల ఒంటరి గుంట కందకమును తాకవలెనన్న, దాని కేంద్రము ప్రతి 40 మీటర్లలో 4 మీటర్లలోపల పడవలెను. అనగా పదింట తొమ్మిది సార్లు తప్పిపోవును! విద్యార్థులు ఈ లెక్కను గళ్ళ కాగితముపై తామే వేసి చూడవచ్చును. కనుక "ఏమియు దొరకలేదు" అను నివేదికను "ఏమియు లేదు" అని చదువరాదు. పై మట్టిని తొలగించునపుడు పురావస్తు శాస్త్రజ్ఞుడు దగ్గర నిలిచి చూచుట అందుకే అవసరము.

మన దేశమున 2010లో సవరింపబడిన చట్టము, రక్షిత కట్టడము చుట్టు 100 మీటర్లలో నిర్మాణమును నిషేధించి, ఆపై 200 మీటర్లలో నియంత్రించినది. ఈ కొలత తెలిసిన కట్టడమునుండి మొదలగును. నేలలో దాగినదానికి వర్తింపదు. నాగార్జునసాగరు నీట మునుగకముందు, 1954-60 మధ్య, నాగార్జునకొండ లోయలో విస్తృతముగా త్రవ్వకములు జరిపిన దేశమునకు ఈ పని క్రొత్త కాదు. ఆనకట్టకు చూపిన ఆ శ్రద్ధను ఇండ్ల స్థలములకును చూపవలెను; పునాది పడిన పిమ్మట పరీక్షకు నేల మిగులదు.