ముందు టార్చి కిందికి దించండి

ఆడపిల్లల వసతి పాఠశాలల సిబ్బందితో కూర్చున్నప్పుడల్లా మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే. "మేడమ్, అలాంటి పిల్లలతో ఏం మాట్లాడాలి?" అలాంటి పిల్లలంటే ఎవరో ఎవరూ విడమర్చి చెప్పరు. తండ్రి పురుగుల మందు తాగి పడిపోవడం కళ్లారా చూసిన పిల్ల. ఇటుక బట్టీ దగ్గర తమ్ముణ్ణి పోగొట్టుకున్న పిల్ల. చుట్టాలింట్లో జరగరానిది జరిగిన పిల్ల. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో తల్లో తండ్రో లేనివాళ్లకూ, మధ్యలో బడి మానేసినవాళ్లకూ సీట్లలో ప్రాధాన్యం ఇస్తారు కాబట్టి ఇలాంటి పిల్లలు ప్రతి తరగతిలోనూ తగులుతారు. అడిగేవాళ్లు నోటుబుక్కు తెరిచి పెన్ను పట్టుకుని ఉంటారు. నాలుగు మంచి మాటలు చెబితే రాసుకుని వెళ్లి పిల్లకు అప్పజెబుదామని. నేను మాత్రం రాత్రి లైట్లు ఆర్పేశాక డార్మిటరీలో ఏం జరుగుతుందో చెప్పమంటాను.

ఒకచోట ఏం జరిగేదంటే, నైట్ వాచ్‌ఉమన్ తలలు లెక్కపెట్టేది. ఒక్క తల తగ్గినా తెల్లారేసరికి ఆమె ఉద్యోగానికే ముప్పు. అందుకని మంచం మంచానికీ వెళ్లి మొహం మీద టార్చి కొట్టి చూసేది. ఏడో తరగతి పిల్ల ఒకతి ఆ వెలుగు పడగానే కెవ్వున కేకేసి మంచం కిందికి దూరేది. దాంతో గదంతా లేచి ఏడుపులు. గాలి సోకింది, తాయెత్తు కట్టించాలని వంటమనిషి. అంతా నాటకమని ఒక టీచరు. ఆ పిల్లకు ఏం జరిగిందో మాలో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం కూడా రాలేదు. మార్చినవి రెండే. టార్చి నేల మీదికి వేయడం ఒకటి. లోపల అడుగుపెట్టే ముందు గుమ్మంలో నిలబడి, "నేనే బిడ్డా, పెద్దమ్మను. లెక్క చూస్తున్న, పండుకోండి" అని మామూలు గొంతుతో చెప్పడం రెండోది. రోజూ అదే వేళకు, అవే మాటలు. మొహాలు కనబడకపోతే కాళ్లు లెక్కపెట్టమన్నాం. "లెక్కపెట్టి రెండుతో భాగించాల్నా మేడమ్?" అని ఆమె పకపకా నవ్వింది.

కేకలు వెంటనే ఆగలేదు. దసరా పోయి సంక్రాంతి దగ్గరపడేసరికి బాగా తగ్గాయి. ఈలోగా పెద్దమ్మ సెలవు పెట్టిన ఒక రాత్రి వేరే ఆమె వచ్చి ఎప్పటిలా మొహాల మీద టార్చి కొట్టింది, కథ మళ్లీ మొదటికొచ్చింది. అప్పటినుంచి ఆ రెండు సంగతులూ డ్యూటీ చార్టు మీదికెక్కాయి.

ఆ కేక ఎక్కడిదంటే, మెదడులో అమిగ్డాలా అని ఒక చిన్న భాగం ఉంది. ఆపద వాసన తగలగానే, ఇంకా ఆలోచన అందుకోకముందే, గుండెను దడదడలాడించి ఒంటిని సిద్ధం చేయడం దాని పని. పదే పదే దెబ్బలు తిన్న పిల్లలో అది చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడుతుంది. ఆ క్షణంలో ఎక్కాలు అప్పజెప్పే మెదడు పక్కకు తప్పుకుంటుంది. కొందరు తిరగబడతారు, కొందరు గోడ దూకుతారు, కొందరు కొయ్యబారిపోతారు. టీచర్లకు అన్నిటికన్నా ఒళ్లు మండించేది ఇంకో రకం. "నేను తిడుతుంటే పళ్లికిలిస్తోంది, ఎంత పొగరో చూడండి" అంటారు. ఇంటికి తాగొచ్చిన మనిషిని చల్లార్చడానికి ఐదేళ్ల వయసులో నేర్చుకున్న నవ్వు అది. ఎదుటి మనిషి గొంతు పెరిగితే దానంతటదే మొహం మీదికొస్తుంది. గొంతు తగ్గించి, రెండడుగులు వెనక్కి వేసి చూడండి, ఆ నవ్వు పోతుంది. కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ 2009లోనే నిషేధించింది. గుంజీలు మాత్రం ఇంకా తీయిస్తూనే ఉన్నాం.

జరిగిందంతా కక్కేస్తే గుండె బరువు దిగుతుందని మనవాళ్లకు గట్టి నమ్మకం. అందుకని కొత్త పిల్ల రాగానే బడి నడిపే స్పెషల్ ఆఫీసరు ఒకసారి, క్లాసు టీచరు ఒకసారి, ఏఎన్ఎం ఒకసారి, ఊళ్లోంచి వచ్చిన నాయకుడు ఒకసారి అదే కథ చెప్పిస్తారు. ఘోరం జరిగిన వెంటనే కూర్చోబెట్టి అంతా చెప్పించే పద్ధతిని పరిశోధకులు పరీక్షించి, దానివల్ల ఒరిగేదేమీ లేదని తేల్చారు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకంలోనూ చెప్పింది పరిస్థితి చూడమని, వినమని, సాయం దొరికే చోటికి చేర్చమని. చెప్పమని ఒత్తిడి చేయొద్దనే ఉంది. పిల్ల చెబితే వినాలి. చెప్పకపోతే భోజనాల దగ్గర పక్కన కూర్చోవాలి.

చెప్పిన రోజు సంగతి వేరు. అసలు పరీక్ష అప్పుడే. చెప్పబోయే ముందు పిల్లలు దాదాపు ఎప్పుడూ ఒక షరతు పెడతారు. "ఎవ్వరికీ చెప్పనని ఒట్టెయ్యండి టీచర్." ప్రేమకొద్దీ మనం ఒట్టేసేస్తాం. ఆ ఒట్టు నిలబెట్టుకోలేం. లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలియజేయాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. తెలిసీ చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, సంస్థ అధిపతి అయితే ఏడాది వరకు. చట్టం మాట పక్కన పెట్టినా, ఒకసారి నమ్మి మోసపోయిన పిల్లను మళ్లీ మన చేత్తో మోసం చేసినట్టవుతుంది. నేను నేర్చుకున్నది, నేర్పుతున్నది ఇలా ఉంటుంది: "ఒట్టు వేయలేనమ్మా. నీకు ప్రమాదం ఉంటే ఆపగలిగేవాళ్లకు చెప్పాల్సి ఉంటుంది. ఎవరికి చెప్పినా ముందు నీతో చెప్పాకే చెబుతాను. తోటి పిల్లలకు, ఊళ్లోవాళ్లకు తెలియనివ్వను." ఇది విన్నాక కొందరు నోరు మూసుకుని వెళ్లిపోతారు. వెళ్లనివ్వాలి. రెండు వారాలకో, రెండు నెలలకో వాళ్లంతట వాళ్లే వస్తారు, అబద్ధం చెప్పని మనిషి దగ్గరికి.

చట్టం పిల్లల వైపున ఎంత ఆలోచించిందో సిబ్బందికే తెలియదు. వాంగ్మూలం పిల్ల ఇంట్లోనో, ఆమె కోరిన చోటో తీసుకోవాలి. వీలైనంత వరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాంలో రాకూడదు. రాత్రిపూట స్టేషన్లో ఉంచకూడదు. కోర్టులో నిందితుడు ఎదురుపడకూడదు. కేసు నడిచినన్నాళ్లూ తోడుండే సహాయక వ్యక్తిని బాలల సంక్షేమ కమిటీ ఇస్తుంది. హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రంలో పోలీసు, వైద్యం, న్యాయ సహాయం ఒకేచోట దొరుకుతాయి, జిల్లాల్లోనూ వచ్చాయి. ఇవన్నీ పిల్లకు ముందే చెబితే సగం భయం పోతుంది. "స్టేషన్ చుట్టూ తిరగాలి" అని బెదరగొట్టేది చాలాసార్లు మనమే.

ఇదేదో ఎక్కడో ఒకరిద్దరి గొడవ అనుకునేవాళ్లకు ఒక లెక్క. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ప్రచురించిన అధ్యయనంలో 13 రాష్ట్రాల నుంచి 12,447 మంది పిల్లల్ని అడిగారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందన్నవాళ్లు 53.22 శాతం. వాళ్లలో సగానికి పైగా మగపిల్లలు. మగపిల్లల హాస్టళ్ల నుంచి నన్ను పిలిచేది మాత్రం చాలా అరుదు.

నోరు విప్పని పిల్లలు కూడా ఒకచోట అన్నీ చెబుతుంటారు, ఏఎన్ఎం మందుల రిజిస్టర్లో. పేరు, తేదీ, కడుపునొప్పి, ఒక మాత్ర. ఒక్కో వరుసగా చూస్తే ఏమీ ఉండదు. ఒక పిల్ల పేరు మాత్రమే పట్టుకుని నెలలు తిరగేస్తే కనిపిస్తుంది. ఒకామె అలా తిరగేసి చూస్తే, కన్నవాళ్లు చూడ్డానికొచ్చే ఆదివారాల్లో ఇద్దరికి క్రమం తప్పకుండా కడుపునొప్పి. ఒకే నొప్పి, ఒకే మాత్ర. ఆరా తీస్తే ఒకరికి ఎవరూ రారు, రెండో ఆమెకు ఒకరు వస్తారు. మొదటి పిల్లకు ఆ ఆదివారం కూరగాయలు తరిగే పని, స్టోర్ తాళాలు అప్పజెప్పి వంటింట్లో పెద్దరికం కట్టబెట్టారు, నొప్పి పోయింది. రెండో పిల్ల విషయంలో పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ వెళ్లింది.

1955లో హవాయిలోని కవాయ్ దీవిలో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వవేత్త దశాబ్దాల పాటు వెంబడించి చూశారు. పేదరికం, తాగుడు, తగవుల మధ్య పెరిగిన పిల్లల్లో సుమారు మూడో వంతు మంది నిబ్బరమైన పెద్దలయ్యారు. వాళ్ల వెనక తరచూ కనిపించినది ఒక నిలకడైన మనిషి. అమ్మమ్మ, పొరుగావిడ, బడి టీచరు, ఎవరైనా. కౌన్సెలర్ పోస్టులు ఎప్పుడు భర్తీ చేస్తారని ఎదురుచూసే హాస్టళ్లలో నేనీ సంగతి చెబుతుంటాను. కౌన్సెలర్ అక్కర్లేదని కాదు. రాత్రుళ్లు నిద్రలేకపోయినా, చేతులు కోసుకుంటున్నా, చనిపోతానంటున్నా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. ఈలోగా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఉంది. మిగతా వేళల్లో పిల్లకు దొరికేది మాత్రం పెద్దమ్మ లాంటివాళ్లే.

నాకు కోపం తెప్పించేది ఒకటుంది. పుట్టినరోజుకు పండ్లు పంచడానికి దాతలు వస్తారు. ఒక పిల్లను ముందుకు లాగి, భుజం మీద చెయ్యేసి, "ఈ పాపకు నాన్న లేడు సార్, ఉరేసుకున్నాడు" అని పరిచయం చేస్తారు. ఫొటో తీస్తారు. ఆ పిల్ల అరటిపండు పట్టుకుని నవ్వుతుంది, ఇందాక చెప్పిన నవ్వే. పండ్లు తీసుకోండి, పిల్ల కథను వాళ్లకివ్వకండి. స్టాఫ్ రూంలో చెప్పుకోవడం కూడా ఇదే లెక్కలోకి వస్తుంది.

ఇక దసరా సెలవుల ముందు రోజుల సంగతి. బతుకమ్మ పాటలు మొదలవగానే ట్రంకు పెట్టెలు సర్దుకునే పిల్లల మధ్య సర్దుకోని పిల్ల ఎవరో చూడండి. ఇంటికి పంపడం ప్రమాదమని అనుమానం ఉంటే జిల్లా బాలల సంరక్షణ విభాగంతోనో, బాలల సంక్షేమ కమిటీతోనో పది రోజుల ముందే మాట్లాడండి. కాగితం కదలడానికి ఆ మాత్రం వ్యవధి పడుతుంది. సెలవిచ్చిన సాయంత్రం, గేటు ముందు ఆటో ఆగాక అడిగితే ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు.