ఇంటర్వెల్లో మట్టి

ఈ వారం నన్ను కట్టిపడేసింది ప్రదర్శన కాదు, దాని ఇంటర్వెల్. జర్మనీలోని వుపర్టాల్ నగరపు నృత్యబృందం రికార్డింగు ఒకటి చూస్తున్నాను. స్ట్రావిన్‌స్కీ సంగీతానికి పీనా బౌష్ 1975లో కూర్చిన నృత్యం, 'వసంతబలి' అనుకోండి. విరామంలో తెర పడలేదు. స్టేజి పనివాళ్లు వచ్చారు. నేల మీద పెద్ద గుడ్డ పరిచి అంచులు బిగించారు. చక్రాల తొట్లు తోసుకొచ్చి బోర్లించారు. చిత్తడి నేలల్లో తవ్వే పీట్ మట్టి, నల్లగా, కుప్పలు కుప్పలు. నారుమడి చదును చేసినంత శ్రద్ధగా దాన్ని పారలతో సరిచేశారు. ఒక్కడూ ప్రేక్షకుల వైపు చూడలేదు. కాఫీకి లేవబోయినవాణ్ణి మళ్లీ కూర్చున్నాను.

ఆ తర్వాత నర్తకులు ఆ మట్టిలో దిగబడుతూ, జారుతూ ఆడారు. చెమట మీద మట్టి అంటుకుంది. పల్చని గౌన్లు నల్లబడ్డాయి. సంగీతం తగ్గినప్పుడల్లా వాళ్ల ఆయాసం వినిపించింది. బలికి ఎంపికైన అమ్మాయి ఎర్ర గౌనులో కూలిపోయేదాకా నేను రెప్ప వెయ్యలేదు. అంతా అయ్యాక ఒక పాడు ప్రశ్న పొడిచింది: ఈ బృందానికి మొదట అన్నం పెట్టిందెవరు? నగరపాలక సంస్థ!

ఈ కాలమ్ పాత చదువరులకి నా పాట కంఠతా వచ్చు. నెల జీతం నటుణ్ణి గుమాస్తాని చేస్తుంది, సర్కారు సొమ్ముతో కళ కునుకు తీస్తుంది, ఇదీ నా పల్లవి. దానికి నా సాక్ష్యం చిన్నప్పటి తిరనాళ్లలో చూసిన డేరా నాటకం. గేటు దగ్గర టిక్కెట్టు చింపి ఇచ్చిన ఆయనే పది నిమిషాల్లో కిరీటం పెట్టుకుని దుర్యోధనుడై వచ్చేవాడు. రాగం ఎంతసేపు సాగదియ్యాలో గల్లాపెట్టె చెప్పేది. రెండు రోజులు జనం పల్చబడితే మూడోనాడు బండి కట్టేవాళ్లు. ఆకలే వాళ్ల దర్శకుడని మురిసిపోతూ ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు.

వుపర్టాల్‌లో అలా బండి కట్టాల్సిన రోజులు చాలానే వచ్చాయి. ముందు ఆ ఊరి సంగతి: మగ్గాలూ అద్దకాలూ పెంచిన ఊరది. బార్మెన్, ఎల్బర్‌ఫెల్డ్, ఇంకొన్ని చిన్న పట్టణాలను 1929లో కలిపితే ఏర్పడింది. లోయ ఇరుకు కావడంతో 1901 నుంచి నది మీదుగా వేలాడే రైలు నడుపుతున్నారు. బార్మెన్‌లో 1905లో కట్టిన ఒపెరా భవనం యుద్ధంలో బాంబులకి దెబ్బతింటే బాగుచేసి 1956లో మళ్లీ తెరిచారు. జర్మనీలో ఇలాంటి నగర నాటకశాలలు ఒపెరా, నాటకం, నృత్యం మూడింటినీ జీతాలిచ్చి పోషిస్తాయి. టిక్కెట్ల మీద వచ్చేది ఖర్చులో చిన్న పాలే.

1973లో వుపర్టాల్ నగర నాటకశాల అధిపతి ఆర్నో వూస్టెన్‌హోఫర్, పక్క ఊరు జోలింగెన్‌లో పుట్టిన ముప్పై మూడేళ్ల బౌష్‌ను పిలిచి బ్యాలే బృందాన్ని అప్పగించాడు. మునివేళ్ల మీద తేలే హంసలకి అలవాటుపడిన జనం ఈ మట్టినీ, ఈ ఆయాసాన్నీ చూసి లేచిపోయారు. తలుపులు దబాలున వేసి మరీ పోయారు. 1978లో 'కఫే ముల్లర్': కళ్లు మూసుకుని నడిచే ఆడవాళ్లు, వాళ్లకి తగలకుండా కుర్చీలు లాగేసే ఒక మనిషి. దానికి వన్స్‌మోర్ కొట్టేదెవరు?

డేరా అయితే మూడోనాడే ఎత్తేసేవాళ్లు. ఇక్కడ మాత్రం ఒకటో తారీకున జీతం పడింది. మర్నాడు రిహార్సలు జరిగింది. అదే 1978లో బౌష్ చేసిన 'కోంటాక్ట్‌హోఫ్'ను 2000లో మళ్లీ వేసినప్పుడు ఆడింది నర్తకులు కాదు, అరవై అయిదు దాటిన ఆ ఊరి మామూలు జనం. ఒకప్పుడు తలుపులు బాదిన చేతులు వాళ్లలో ఎన్ని ఉన్నాయో!

ఇప్పుడు నా దుర్యోధనుడు గుర్తొస్తే కాస్త సిగ్గేస్తోంది. ఆయన ఏ ఊళ్లోనైనా జనం అడిగిన పద్యమే పాడేవాడు. అడగనిది పాడితే ఏమయ్యేదో తెలుసుకునే స్తోమత ఆయనకి లేదు. దాన్నే నేను నిప్పులాంటి కళ అని పొగిడాను.

అలాగని నగరపాలక సంస్థకి హారతి పట్టను. రచయిత హైన్రిష్ బోల్ ప్రసంగంతో 1966లో తెరుచుకున్న అక్కడి నాటకభవనానికి 2013లో తాళం పడింది. ఖజానా ఖాళీ అన్నారు. చూశారా, నేను ముందే చెప్పాను అని కలం ఎత్తబోయి ఆగాను. అక్కడ కళాకారులు కునుకు తియ్యలేదు, సొమ్మే తగ్గింది. నా పల్లవికి అది సాక్ష్యం కాదు.

ఆ ఇంటర్వెల్ మళ్లీ వేసుకుని చూశాను. పార పట్టినవాళ్లలో ఒకాయన, బట్టతల, చివర మిగిలిన చిన్న గడ్డను కాలితో నలిపి సరిచేసి మరీ వెళ్లాడు. ఆయనకి ఆ నృత్యం నచ్చిందో లేదో. జీతం ఇచ్చేటప్పుడు ఆ సంగతి ఎవరూ అడిగి ఉండరు.