నెల్లూరు వడ్లు: ఏడాది ఆగితే వచ్చే రుచి

ఫ్రాన్స్‌లోని బోర్డో రెడ్ వైన్‌ను ఇష్టపడేవాళ్లు క్లబ్బులుగా కూడి, ఒకే తోట నుంచి వేర్వేరు ఏళ్లలో వచ్చిన సీసాలను వరుసగా పెట్టుకుని రుచి చూస్తారు. ఏ ఏడాది సరుకు పక్వానికి వచ్చిందో, ఏది ఇంకా ఆగాలో తేలుస్తారు. ఆ పని బియ్యంతో చేయదగ్గ చోటు మనకూ ఉంది. అది నెల్లూరు.

1855 నాటి నెల్లూరు ఆనకట్ట, 1886 నాటి సంగం ఆనకట్ట పెన్నా నీళ్లను పొలాలకు మళ్లించాయి. కోవూరు, ఇందుకూరుపేట, విడవలూరు మీదుగా సముద్రం దాకా వరే. ఇక్కడి సన్నరకం మొలగొలుకుల పేరు రాష్ట్రాలు దాటింది. 1937లో మొదలైన నెల్లూరు వ్యవసాయ పరిశోధన కేంద్రం కొత్త మొలగొలుకులు అనే రకాలు తీసింది, తర్వాత నెల్లూరు మసూరి ఇచ్చింది. రకం మారినా ఇక్కడివాళ్ల పట్టింపు మారలేదు: అన్నానికి పాత బియ్యమే కావాలి.

గోదావరి జిల్లాల్లో సంక్రాంతికి కొత్త బియ్యం ఇంటికొస్తాయి. నెల్లూరులో అప్పటికి ప్రధాన పంట ఇంకా పొలంలోనే ఉంటుంది. కోతలు వేసవి ముంగిట. అంటే ఆ వడ్లు ఎండాకాలమంతా నిలవుండి, ఆపై ఈశాన్య రుతుపవనాల వానలు దాటాలి. కడలి గాలి తేమకు వడ్లు చెమ్మ పీల్చుకుంటాయి. అసలు నేర్పంతా ఇక్కడే. కళ్లంలో బాగా ఎండబెట్టాలి, తేమ 12 - 13 శాతానికి దిగాలి. గింజ కొరికితే టక్కున విరగాలి, నొక్కుకుపోకూడదు. గాదె నేలకు తగలకుండా ఎత్తుమీద ఉండాలి. వేపాకు వేస్తారు. మర పట్టించిన బియ్యంగా కాక వడ్లుగానే దాస్తారు. పొట్టు ఉన్నంతవరకు ముక్కపురుగుకు, తేమకు గింజ అంత తేలిగ్గా లొంగదు.

గింజలోపల జరిగేదేమిటి? నిలవలో ప్రోటీన్ల బంధాలు బిగుస్తాయి. అవి పిండిపదార్థాన్ని గట్టిగా పట్టి ఉంచుతాయి. ఉడికేటప్పుడు పిండి నీళ్లలోకి జారదు, గింజ ఎక్కువ నీళ్లు తాగి పొడవుగా ఉబ్బుతుంది. ఈ మార్పులో ఎక్కువ భాగం తొలి మూడు నాలుగు నెలల్లోనే వస్తుంది, ఆపైన నెమ్మదిస్తుంది. కొత్త ధాన్యం అరుగుదలకు బరువని, ఏడాది దాటినది మేలని చరకుడు ఎప్పుడో చెప్పాడు.

ఒకే రకం వడ్లలో ఈ ఏటివి, నిరుటివి, ముందటేటివి విడివిడిగా దంచి వండితే తేడా కంటికే తెలుస్తుంది. కొత్త బియ్యం తెల్లగా ఉంటాయి, పాతవి లేత పసుపు తిరుగుతాయి. కొత్తవాటి గంజి చిక్కగా పాలలా దిగుతుంది, పాతవాటిది పలచన. నిరుటివాటికి ఎసరు ఎక్కువ పెట్టాలి. మెతుకు మెతుకుకూ అంటదు. చేపల పులుసు కలిపితే ముద్దగా కూలబడకుండా పులుసు పీల్చుకుంటుంది. కొత్త బియ్యపు కమ్మని వాసన మాత్రం పాతవాటికి ఉండదు, పొంగలికి కొత్తవే నప్పుతాయి. మరీ ఏళ్లు గడిస్తే కొవ్వు చెడి ముక్కవాసన పడుతుంది. రోజువారీ అన్నానికి ఏడాది దాటినవే శ్రేష్ఠం.

ఇటలీలోని వెర్చెల్లి ప్రాంతంలో అక్వెరెల్లో పేరుతో ఒక కుటుంబం వడ్లను కనీసం ఏడాది, కొంత సరుకును ఏడేళ్లు కూడా నిలవ చేసి, డబ్బాల్లో పోసి ప్రపంచమంతా అమ్ముతోంది. ఇక్కడేమో కొత్త వడ్లకు ఆవిరి పట్టి, పాతవాటిలా పొడిపొడిగా ఉడికే స్టీమ్ బియ్యం బజారంతా నిండాయి. అవి పొడిగా ఉడికే గుణం ఇస్తాయి కానీ, నిలవతో వచ్చే రుచిని ఇవ్వలేవు. బస్తాపై పంట ఏడాది రాయాలని కొనేవాళ్లు అడిగితేనే ఆ తేడా బజారులో నిలుస్తుంది. ఈసారి వడ్లు ఇంటికి చేరినప్పుడు ఒక బస్తాపై రకం, సంవత్సరం రాసి పక్కన పెట్టండి. వచ్చే ఏడాది కొత్తవాటి పక్కనే వండి రుచి చూడండి.