కర్త లేని విధివాక్యం: కృత్రిమమేధ ఏజెంట్ల ‘పని సృష్టి’ వివరణ – ఉత్తర తెలంగాణ తెలుగు

వ్యాససంగ్రహం:
కృత్రిమమేధ ఏజెంట్లు పనులను నమోదు చేసుకొనే ఉపకరణానికి ఒక వివరణ జతచేసి ఉంటుంది. స్వభావరీత్యా అది విధివాక్యాల సముదాయం. మీమాంసకుల విధివిభాగంతో దాన్ని పరిశీలించి, తెలుగులో రాసేటప్పుడు కర్తను దాచడం ఎందుకు కష్టమో కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ఉపాధి పనుల భాషతో పోల్చి చూపడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: విధి, అధికారవిధి, ఏజెంటు, ఉపాధి హామీ, అమహత్తు, మాండలికం.

1. ప్రవేశిక
ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో ఏజెంటుకు అందించే ఉపకరణానికి ఒక పేరు, మామూలు భాషలో వివరణ, పూరించవలసిన గడుల నమూనా ఉంటాయి. ఉపకరణాన్ని ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో ఏజెంటు ప్రధానంగా ఆ వివరణ చదివే తేల్చుకొంటుంది. అంటే ఇది పాఠకుడు మనిషి కాని వచనం. సాహిత్య విమర్శకు పరాయి వస్తువుగా తోచవచ్చు గాని, ఆజ్ఞావాక్యాన్ని ఎలా అర్థం చేసుకోవాలో చర్చించిన శాస్త్రం మీమాంస పేరుతో మనకు ఏనాడో ఉంది.

2. వివరణలోని విధులు
ప్రోగ్రామర్లు వాడే క్లాడ్ కోడ్‌లోని పనుల జాబితా ఉపకరణాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. మూడు లేదా అంతకుమించిన దశలున్న పనికి దాన్ని వాడాలని, ఒక్క అడుగులో తీరే పనికి వద్దని వివరణ చెబుతుంది. ప్రతి పనినీ రెండు రూపాల్లో రాయమంటుంది: చేయవలసినప్పుడు ‘రన్ టెస్ట్స్’, జరుగుతున్నప్పుడు ‘రన్నింగ్ టెస్ట్స్’. పెండింగ్, నడుస్తున్నది, పూర్తి అని మూడు స్థితులు. పరీక్షలు విఫలమైతే ‘పూర్తి’ అని గుర్తించకూడదన్నది నిషేధం.

మీమాంసకులు విధిని నాలుగు విధాలుగా చెప్పారు. కర్మను విధించేది ఉత్పత్తివిధి. అంగాలకు ప్రధానంతో సంబంధం చెప్పేది వినియోగవిధి. అనుష్ఠానక్రమాన్ని చెప్పేది ప్రయోగవిధి. ఫలానికి ఎవరు హక్కుదారో చెప్పేది అధికారవిధి. ఈ వివరణలో మొదటి మూడింటి జాడ స్పష్టం. పనిని పుట్టించడం, దాన్ని దశలుగా విడదీసి పెద్ద పనికి ముడిపెట్టడం, ఒక సమయంలో ఒకే పనిని ‘నడుస్తున్నది’గా ఉంచడం అన్నీ ఉన్నాయి. పని ఎవరి కోరిక మీద పుట్టిందో, ఫలం ఎవరికో చెప్పే గడి మాత్రం లేదు. ఒక్క ప్రోగ్రామరు తన కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు ఇది లోపం కాదు. అధికారి ఎదురుగానే ఉన్నాడు. అదే నమూనా పంచాయతీ రికార్డుకో వ్యవసాయ సలహాకో వచ్చినప్పుడు ప్రశ్న మొదలవుతుంది.

3. ‘కరువు పని’ కాగితం
2005 ఉపాధి హామీ చట్టం 2006 ఫిబ్రవరి 2న తొలివిడతగా 200 జిల్లాల్లో అమలైంది. వాటిలో ఆదిలాబాద్, కరీంనగర్ ఉన్నాయి. పల్లెల్లో ‘కరువు పని’ అన్న ఈ పథకానికి ఆధారం కూలీ దరఖాస్తు. అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని చట్టం చెప్పింది. మీమాంస పరిభాషలో అధికారవిధే ఇక్కడ తొలివిధి.

అయితే పని పేరు రాసేచోట కార్యాలయభాష వేరు. ‘చెరువు పూడికతీత’, ‘కందకాల తవ్వకం’ – అన్నీ కర్త లేని భావార్థక నామాలు. కూలీల పేర్లు మస్టరులో ఉంటాయి. కాగితం చెప్పనిదాన్ని మేటు నోటితో పూరిస్తాడు: ఎక్కడి నుంచి ఏ తుమ్మచెట్టు దాకా, ఎంత లోతు. ఏజెంటుకు మేటు లేడు. పని రాసిన ఏజెంటు వేరు, చేసే ఏజెంటు వేరు కావచ్చు గనుక తుమ్మచెట్టు కూడా వివరణలోకి రావలసిందే.

4. క్రియ చెప్పే కర్త
‘రన్నింగ్ టెస్ట్స్’ అన్న ఆంగ్ల రూపానికి కర్త అక్కరలేదు. ఇలాంటి వర్తమానార్థంలో తెలుగు సమాపకక్రియ పురుష, వచనాలను చెప్పక తప్పదు: పరీక్షిస్తున్నాను, పరీక్షిస్తున్నది, పరీక్షిస్తున్నారు. కరీంనగర్ ప్రాంతంలో స్త కారం త్త కారమై ‘చేత్తాన’, ‘చేత్తాంది’ అని వినబడినా ఈ నియమం మారదు. విధ్యర్థకంలోనూ అంతే. చెయ్యి, చెయ్యండి – ఏది రాసినా వినేవారి స్థానం నిర్ణయమైపోతుంది. దీన్ని తప్పించుకోవడానికి ‘చేయబడుచున్నది’ అని రాసే కార్యాలయ అలవాటు తెలుగుకు మేలు చేసిందేమీ లేదు.

అసలు చిక్కు ‘చేస్తున్నది’ దగ్గర ఉంది. చిన్నయసూరి బాలవ్యాకరణం చెప్పినట్లు స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తులవలె, బహువచనంలో మహత్తులవలె ప్రవర్తిస్తాయి. కందకం తవ్వే స్త్రీకి, జాబితా రాసే ఏజెంటుకు ఒకే క్రియ. తెలుగు గౌరవ బహువచనంతో ‘చేస్తున్నారు’ అని ఆమెను వేరుచేయగలదు. ఆదిలాబాద్‌లోని గోండి, కొలామీ భాషల్లో బహువచనంలో కూడా స్త్రీలు అమహత్తులతోనే చేరతారని ద్రావిడ తులనాత్మక వ్యాకరణం చూపింది. ఆ భాషల్లో ఇలాంటి వివరణ రాయబోయేవారు తెలుగు పరిష్కారాన్ని అరువు తెచ్చుకోలేరు.

కనుక కర్తను క్రియాప్రత్యయానికి వదిలేయక ప్రత్యేక గడిలో రాయడం మేలు. ‘ఏజెంటు పట్టిక తయారుచేస్తున్నది’, ‘కూలీలు కందకం తవ్వుతున్నారు’ అని రెండు వరుసలు పక్కపక్కనే ఉన్నప్పుడు స్థితి ఎవరిదో చదివినవారికి తెలియాలి. ఏజెంటు ‘చేస్తున్నాను’ అని రాసుకోవడం వ్యాకరణరీత్యా సుకరమే గాని, అదే జాబితా కూలీ చేతికి వెళ్లినప్పుడు ఆ ‘నేను’ ఎవరన్నది తేలదు. రెండో గడి దరఖాస్తుదారుది. అది ఖాళీగా ఉంటే ఏం చేయాలో వివరణలో నిషేధవాక్యంగానే రాయాలి: ‘అడిగినవారి పేరు లేనిదే పనిని సృష్టించకు.’ ఇక్కడ ఏకవచనానికి అభ్యంతరం లేదు, వినేది యంత్రం.